స్పీకర్లో చెప్పిన జవాబు

"నిజం చెప్పు. లిస్టులో అమ్మ పేరు నువ్వే కిందికి తోశావా?"

కొడుకు తన భార్యని ఇలా అడగడం ఇది మూడోసారి. మొదటిసారి మెల్లగా అడిగాడు, రెండోసారి గట్టిగా అడిగాడు, మూడోసారి వంటింటి కిటికీ ఊచలు పట్టుకుని మరీ అడిగాడు. ఊచలకు అవతల ముందుగదిలో కోడలు మాస్కు తీయకుండా, డ్యూటీ చెప్పులు విప్పకుండా మంచం అంచున కూర్చుని ఉంది. జ్వరం వార్డులో డ్యూటీ వేసినప్పటినుంచి, అంటే పందొమ్మిది రోజులుగా, ఆమె కాపురం ఆ గదిలోనే. భోజనం కిటికీలోంచి వెళ్తుంది, ఖాళీ పళ్ళెం వీధి గుమ్మం వైపునుంచి తిరిగొస్తుంది. ఇవాళ పోట్లాటకి కూడా ఆ కిటికీయే దిక్కయింది.

"నేనెందుకు తోస్తానండీ?"

"ఎందుకో నాకేం తెలుసు? ఆపరేషన్ థియేటర్లో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నది నువ్వు. లిస్టు కట్టేవాళ్ళతో కలిసి టీ తాగేది నువ్వు. పోయిన నెల మొదటి పేజీలో ఉన్న పేరు ఇవాళ మూడో పేజీకి ఎలా వెళ్ళింది? కాళ్ళొచ్చి నడిచెళ్ళిందా?"

"స్టాఫ్ ఇంట్లోవాళ్ళ పేరు లిస్టులో ఉంటే ఆ కాగితం మేం ముట్టుకోకూడదు. నేను ముట్టుకోలేదు. కనీసం చూడలేదు."

"చూసుంటే బాగుండేది."

ఈయన లిఫ్టు మెకానిక్. ఏడో అంతస్తుకీ ఎనిమిదో అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయిన జనం గోల పెడుతుంటే, "కంగారు పడకండి, తలుపు తోయకండి, రెండు నిమిషాల్లో తీసేస్తాను" అని జోలపాడినట్టు చెప్పగలడు. ఆ నెమ్మదంతా చెప్పులతోపాటు గుమ్మం బయటే విడిచేసి వస్తాడు. ఇంట్లో ఏదైనా ఆగిందంటే చాలు, కాలు గాలిన పిల్లిలా తిరుగుతాడు.

"పోనీ ఆపరేషన్లు పూర్తిగా ఆపేశారా అంటే అదీ లేదు. మా సూపర్‌వైజర్ బావమరిదికి పోయినవారమే హెర్నియా చేశారు. అమ్మకి మాత్రం రెండుసార్లు తేదీ ఇచ్చారు, రెండుసార్లూ ముందురోజు ఫోన్ చేసి రావొద్దన్నారు. తొమ్మిది నెలలయింది ఆమె బస్సు డ్యూటీకి వెళ్ళి!"

"కేసులు పెరిగినప్పుడల్లా ముందు మా థియేటర్లే ఖాళీ చేయిస్తారు. ఎన్నిసార్లు చెప్పాను మీకు? మత్తుడాక్టర్లు నలుగురిలో ముగ్గుర్ని అటు పంపేశారు. ఆపరేషన్ అయ్యాక పడుకోబెట్టే గదిలో పదకొండు మంచాలుంటే పదకొండింటి మీదా జ్వరంవాళ్ళే. ఇదివరకు రోజుకి పన్నెండు చేసేవాళ్ళం. ఇప్పుడు వారానికి ఆరు. ఆ ఆరుగురూ ఎవరో తేల్చాలి కదా?"

"ఎలా తేలుస్తారు?"

"ఫోన్ చేసి ఐదు ప్రశ్నలు అడుగుతారు. జవాబుల్ని బట్టి ఒకటో తరగతి, రెండో తరగతి, మూడో తరగతి. ఒకటో తరగతివాళ్ళకి వెంటనే చేస్తారు. మూడో తరగతి అంటే, వీళ్ళు ఆగగలరు అని."

"మనకి ఆ ఫోనే రాలేదు."

"వచ్చింది. పోయిన గురువారం పొద్దున, మీ నంబరుకే. లిస్టు గుమాస్తా చెప్పాడు."

"అదా! ఏవో వివరాలు సరిచూసుకోడానికి అనుకున్నాను. అప్పుడు అమ్మ బస్సు డ్రైవరు బాబాయి కూడా ఇక్కడే ఉన్నాడు, అమ్మని చూడ్డానికొచ్చి. అమ్మకి సరిగ్గా వినబడదని స్పీకర్లో పెట్టాను."

కోడలు తల ఎత్తింది.

"స్పీకర్లోనా?"

"ఏం, పెట్టకూడదా? అమ్మ చక్కగానే మాట్లాడింది. అతను 'ఐదు ప్రశ్నలడుగుతానమ్మా' అన్నాడో లేదో, 'నాకేం ఇబ్బంది లేదు బాబూ, అంతా బాగానే ఉంది, అన్నిటికీ లేదనే రాసుకో' అంది. చెకింగ్ ఆఫీసరుకి చెప్పినట్టు చెప్పావే అని బాబాయి ఒకటే నవ్వు."

కోడలి చూపు భర్త భుజం మీదుగా వెళ్ళి, వంటింటి మూల స్టూలు మీద కూర్చుని బఠాణీలు వలుస్తున్న అత్తగారి మీద ఆగింది. అత్తగారు తల ఎత్తలేదు. గిన్నెలో పడాల్సిన బఠాణీలు రెండు కింద పడి దొర్లాయి.

ఇరవై ఆరేళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసిన మనిషి ఆవిడ. డిపోలో అందరికీ విజిలమ్మ. ఆవిడ విజిల్ ఊదితే తన బస్సుతోపాటు వెనక బస్సు కూడా ఆగేదని డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫుట్‌బోర్డు మీద వేలాడే మగాళ్ళని చొక్కా పట్టుకుని లోపలికి లాగేది. ఆ నోటికి ఎదురు నిలిచినవాళ్ళు లేరు. అలాంటి విజిలమ్మ నోట్లో నాలుక లేనట్టు బఠాణీలు వలుస్తోంది.

కొడుక్కి ఇప్పుడు అసలు సంగతి తట్టింది. అయితే సగమే తట్టింది.

"అంటే, ఆ మాట పట్టుకుని మూడో తరగతిలో పడేశారా? మర్యాదకి అన్నమాటది! ఎవరైనా ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నాననమా? అమ్మ నడుం సంగతి నీకు తెలుసు. నువ్వెళ్ళి చెప్పొచ్చుగా?"

"నేను చెబితే చెల్లదు. పేషెంటే చెప్పాలి."

"నడుం నొప్పి గురించి చెప్పడానికి పేషెంటెందుకు?"

కోడలు నీళ్ళు నమిలింది. నడుం నొప్పి అన్నమాట ఈ ఇంట్లో ఏడాదిగా నడుస్తోంది. దాన్ని పుట్టించింది అత్తగారు, మోస్తున్నది కోడలు, ఆపరేషన్ కూడా దానికేనని నమ్మింది కొడుకు. నమ్మడమంటే అలా ఇలా కాదు. గట్టి పరుపు తెచ్చాడు. నడుంకి బిగించుకునే వెడల్పాటి బెల్టు తెచ్చాడు. రోజూ పనికి వెళ్ళేముందు, "బెల్టు పెట్టుకున్నావా అమ్మా?" అని అడిగి మరీ వెళ్తాడు.

"ఏం మాట్లాడవు? నాకర్థమైంది. నీకు చెప్పడం ఇష్టంలేదు. అత్తగారు బస్సెక్కితే నీకేంటి, స్టూలెక్కితే నీకేంటి!"

ఆ మాటకి కోడలి కళ్ళు చెమ్మగిల్లాయి. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనబడే మనిషికి దాచుకోవడానికి ఇంకేం మిగలదు. అయినా ఆమె నోరు విప్పలేదు. అత్తగారికి మాటిచ్చింది మరి.

ఇక్కడ విజిలమ్మ మీద, ఈ కథ చెబుతున్న నాకే, చాలా కోపమొచ్చింది. ఒక్క ముక్క అంటే సరిపోయేది. "దాన్నేమీ అనకురా" అంటే చాలు, ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఆ ఒక్క ముక్కా అనలేదు. కోడలు తిట్లు తింటుంటే, కింద పడ్డ బఠాణీల కోసం వంగినట్టు వంగి, వంగలేక ఆగిపోయింది.

ఇంతలో కొడుకు ఫోను మోగింది. ఎక్కడో లిఫ్టు ఆగిందట. "కంగారు పడకండి సార్, తలుపు తోయకండి," అంటూ గొంతు మార్చేసి, అతను వెనక బాల్కనీలోకి వెళ్ళాడు.

అతని వెనక బాల్కనీ తలుపు మూసుకుంది.

"అత్తయ్యా, ఇలా రండి."

విజిలమ్మ లేచింది. లేవడానికి ఒక పద్ధతి పెట్టుకుంది. ముందు గట్టు పట్టుకుంటుంది, తర్వాత కాళ్ళు దగ్గరికి చేర్చుకుంటుంది, తర్వాత ఊపిరి బిగబట్టి లేస్తుంది. చూసేవాళ్ళకి నడుం నొప్పిలాగే ఉంటుంది. కిటికీకి రెండడుగుల ఇవతల నిలబడింది.

"నిన్నలా అంటాడనుకోలేదమ్మాయ్."

"నన్నన్నదానికి నేనేడవడం లేదు. ఆ ఐదు ప్రశ్నలేమిటో తెలుసా మీకు? రక్తం కనబడుతోందా? మూత్రం ఆగిపోతోందా? గర్భసంచి నిలవడానికి పెట్టిన రింగు జారిపోతోందా? పుండు పడిందా? నిలబడి పని చేయగలరా? అన్నిటికీ లేదని రాయించుకున్నారు. నిలబడగలరా అన్నదానికి మాత్రం గలరని వేసుకుని ఉంటాడు, బాగానే ఉన్నానన్నారు కదా."

"అవి అడుగుతాడనే ముందే నోరు మూయించాను. స్పీకర్లో ఉందమ్మాయ్! ఇటు వాడు, అటు డ్రైవరు. వాడి ముందు ఆ మాటలేమిటి? 'గర్భసంచి' అన్నమాట వాడు నా నోట ఎప్పుడైనా విన్నాడా?"

"మీ ఫోను నంబరు ఇచ్చుంటే సరిపోయేది కదా."

"ఆఫీసు కాగితాలకి ఎప్పుడూ వాడి నంబరే ఇస్తాను. నాకేం తెలుసు ఇలా అవుతుందని?"

అదీ నిజమే. ఆవిడకి మొదటిసారి తెలిసింది ఆరేళ్ళ కిందట, నడుస్తున్న బస్సులో. గతుకులో బస్సు ఎగిరి పడింది, లోపలేదో జారినట్టయింది. ఆరోజు సాయంత్రం దాకా టికెట్లు కొట్టింది. ఆ తర్వాత ఐదేళ్ళు కొట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఇంట్లో ఆడదిక్కు లేదు, కొడుక్కింకా పెళ్ళి కాలేదు. పెళ్ళయ్యాక, బట్టలు ఉతకడానికి వేస్తుంటే నెత్తుటి మరక చూసి కోడలే నిలదీసింది. ఆ రోజు అత్తగారు ఏడ్చిన ఏడుపు కోడలు మర్చిపోలేదు.

"ఇప్పుడు రక్తం ఎన్ని రోజులకోసారి కనబడుతోంది?"

"రోజూ."

"రోజూనా! నాతో వారానికోసారి అన్నారు."

"నువ్వు ఆ గదిలోకి వెళ్ళాక పెరిగింది. నువ్వే ఎవరెవరి ప్రాణాలో మోస్తున్నావు. నీకూ నా గోల ఎందుకని..."

"బెల్టు పెట్టుకోవడం మానేశారా? పొట్ట బిగిస్తే ఇంకా కిందికి తోస్తుందని చెప్పాను కదా."

విజిలమ్మ చేత్తో చీటీ నలిపినట్టు వేళ్ళు నలుపుకుంది. "వాడు రోజూ అడుగుతాడమ్మాయ్," అంది.

కోడలు గోడ గడియారం వైపు చూసింది. నాలుగు కావడానికి పావుగంట ఉంది.

"వినండి. జవాబు తప్పయిందనిపిస్తే ఒక్కసారి మళ్ళీ అడిగించుకోవచ్చు. నేను అర్జీ పెట్టాను. నాలుగింటికి ఆయన నంబరుకే ఫోనొస్తుంది. మీ గొంతుతోనే చెప్పాలి. రేపటినుంచి లిస్టు మూసేస్తున్నారు, కేసులు ఇంకా పెరుగుతున్నాయట. ఇవాళ చెప్పకపోతే ఎన్ని నెలలో నాకు తెలీదు. ఆ పుండు అన్ని నెలలు ఊరుకోదు."

"చెబితే ఏమవుతుంది? ఆరుగురిలో ఒకరిని లేపి నన్ను కూర్చోబెడతారు. క్యూలో ముందొచ్చినవాళ్ళది సీటు. ఇరవై ఆరేళ్ళు అదే చెప్పాను జనానికి."

"అదే చెప్పారా? నెలలు నిండిన మనిషి ఎక్కితే ఏం చేసేవారు?"

"అది వేరు. ఎవర్నో ఒకర్ని లేపేదాన్ని."

"ఆవిడ పర్లేదు, నిలబడతానంటే?"

"కళ్ళు లేవా నాకు? పొట్ట కనబడుతుంటే!"

"ఫోన్లో ఉన్నవాడికి మీరు కనబడరు అత్తయ్యా. మీరేం చెబితే అదే కనబడుతుంది."

విజిలమ్మ కిటికీ ఊచ పట్టుకుంది. పొద్దున్నించీ ఆవిడ కోడలి వైపు సూటిగా చూడటం ఇదే మొదలు. ఆ చూపులో సిగ్గుంది, భయముంది. తప్పంతా తనదేనని ఒప్పుకోవడం కూడా ఉంది. కోడలు చెయ్యి చాచబోయి, చేతికి గ్లౌజు లేదని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. ఇద్దరికీ బాధేసింది.

బాల్కనీ తలుపు తెరుచుకుంది.

"లిఫ్టు కాదు, పాడు కాదు. ఎవరో తలుపుకి చీపురు అడ్డం పెట్టారు," అంటూ వచ్చాడు కొడుకు. వస్తూనే కిటికీ దగ్గర ఇద్దరినీ చూశాడు. "ఏమిటి సంగతి?"

"నాలుగింటికి హాస్పిటల్ నుంచి ఫోనొస్తుంది," అంది కోడలు. "అత్తయ్యకి ఇచ్చి, మీరు బయటికి వెళ్ళండి."

"నేనెందుకు వెళ్ళాలి?"

"వెళ్ళరా," అంది తల్లి.

"నేను వెళ్ళను. పోయినసారి నా ముందే బాగానే ఉన్నానన్నావు. ఈసారి నేను లేకపోతే, పూర్తిగా నయమైపోయిందని చెబుతావు. నీ సంగతి నాకు తెలీదా? పక్కన కూర్చుని నేనే చెప్పిస్తాను."

చెప్పించగలడు కూడా. తల్లి మీద ప్రేమ ఉన్న కొడుకే. ఆ ప్రేమతోనే వచ్చింది చిక్కంతా. ఏమని చెప్పి పంపాలో ఆడవాళ్ళిద్దరికీ పాలుపోలేదు. ఈలోగా నాలుగు కాకుండానే ఫోను మోగింది.

కొడుకు స్పీకర్ నొక్కి, ఫోను గట్టు మీద పెట్టాడు.

"అమ్మా, ఆపరేషన్ లిస్టు విభాగం నుంచి. మీ జవాబులు మళ్ళీ తీసుకోమన్నారు. పోయినసారి అన్నిటికీ లేదన్నారు. మొదటి ప్రశ్న అడగమంటారా?"

విజిలమ్మ గట్టు రెండు చేతులా పట్టుకుంది. కొడుకు ముఖం వైపు చూసింది. అతను ధైర్యం చెబుతున్నట్టు తల ఊపాడు, "చెప్పమ్మా, నడుం..." అని అందించబోయాడు.

"నువ్వు ఊరుకో," అంది. బస్సులో ఫుట్‌బోర్డు మీదివాళ్ళతో మాట్లాడిన గొంతది. ఆ గొంతు విని చాలా నెలలైంది, కొడుకు నిజంగానే ఊరుకున్నాడు.

"అడుగు బాబూ."

"రక్తం కనబడుతోందా?"

"రోజూ."

కొడుకు నుదురు ముడిపడింది.

"మూత్రం ఆగిపోతోందా?"

"ఆగిపోతోంది. లోపలికి తోసుకుంటే తప్ప రాదు."

"రింగు?"

"నిలవడం లేదు. రెండుసార్లు జారిపోయింది. పుండు పడింది, అదీ రాసుకో. నిలబడటం అడుగుతావు కదా. పావుగంట నిలబడలేను. గర్భసంచి బయటికి వచ్చేసింది నాయనా. నడుం నొప్పి కాదు నాది. ఎప్పుడూ కాదు."

చివరి రెండు మాటలూ ఫోనులో మనిషికి అక్కర్లేదు. అవి ఎవరికో కొడుక్కి తెలిసింది. అతను స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. బఠాణీ తొక్కల మీదే కూర్చున్నాడు, చూసుకోలేదు.

"ఎన్నాళ్ళ నుంచి అమ్మా?"

"ఆరేళ్ళు."

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. కొడుకు కిటికీ వైపు చూశాడు. "నీకు తెలుసా?" అని పెదవులతోనే అడిగాడు. కోడలు తల ఊపింది. ఇందాక తనన్న మాటలన్నీ అతనికి ఒకదాని వెనక ఒకటి గుర్తొస్తున్నాయని ముఖం చూస్తేనే తెలుస్తోంది. క్షమించమని అడగడానికి అది సమయం కాదు, అడిగే మొహమూ అతనికి లేదు.

"ఒకటో తరగతి వేశానమ్మా. గురువారం ఒక్క చోటు ఖాళీ ఉంది, మీకు రాస్తున్నాను."

కోడలు కళ్ళు మూసుకుంది. విజిలమ్మ గట్టు వదిలి నుదుటి చెమట తుడుచుకుంది. ఆరేళ్ళుగా నోట్లో దాచుకున్న మాట బయటికొచ్చింది, ఇల్లు కూలిపోలేదు.

"ఇంకొక్క సంగతి. వార్డులో మంచాల్లేవు కాబట్టి, ఈ పొద్దుటినుంచి కొత్త రూలు వచ్చింది. ఆపరేషనైన మర్నాడే ఇంటికి పంపించేస్తున్నాం. మూత్రం గొట్టం వారం రోజులుంటుంది. అది చూసుకోడానికి, శుభ్రం చెయ్యడానికి, బట్టలు మార్చడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి. జ్వరం వార్డులో పనిచేసేవాళ్ళు దగ్గరికి రాకూడదు. ఎవరుంటారమ్మా?"

విజిలమ్మ కిటికీ వైపు చూసింది. ఊచల అవతల కోడలు రెండు చేతులూ చూపించింది, నేనేం చెయ్యగలను అన్నట్టు. ఈ రూలు ఆమెకీ తెలీదు.

"ఎవరూ లేకపోతే?"

"చోటు తర్వాతివాళ్ళకి వెళ్తుందమ్మా. మళ్ళీ ఎప్పుడని నన్నడక్కండి."

"నేనుంటాను," అన్నాడు కొడుకు.

అతను లేచి నిలబడ్డాడు. లిఫ్టులో చిక్కుకున్నవాళ్ళతో మాట్లాడే గొంతు కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు.

"నేనుంటానండీ. కొడుకుని. సెలవు పెడతాను. ఏం చెయ్యాలో చెప్పండి, అన్నీ చేస్తాను."

"వద్దు," అంది విజిలమ్మ.

"అమ్మా!"

"నువ్వొద్దు. చెప్పడం వేరు. నీచేత చేయించుకోవడం నావల్ల కాదు. నాకీ ఆపరేషనే వద్దు."

కొడుకు ఒక అడుగు ముందుకేశాడు. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. వంటింట్లో ఇక వెనక్కి వెళ్ళడానికి చోటు లేదు.

"అమ్మా, లైన్లో ఉన్నారా? ఇంకా పదిహేనుమందికి ఫోన్ చెయ్యాలి నేను," అన్నాడు గుమాస్తా. "ఎవరని రాసుకోను?"